తివాచీ కింద సముద్రం

ఔలులో డిసెంబరు.
మధ్యాహ్నం రెండున్నరకే కిటికీలు నల్లబడ్డాయి.
పాత తోళ్ల గిడ్డంగి మూడో అంతస్తులో
బూడిదరంగు తివాచీ మీద
సైమి బోర్లా పడుకుని ఉంది,
కళ్లకి హెడ్‌సెట్,
మోచేతి దగ్గర చల్లారిన కాఫీ.

తివాచీలో కన్నం చెయ్యాలి.
కత్తెర పెట్టకుండా.
బకెట్టు మూతంత గుండ్రటి కన్నం,
దాని అడుగున గడ్డకట్టని సముద్రం,
అందులోంచి తలెత్తి
మీసాలు విదిల్చే ఒక సీలు.
పిల్లల ఆట. చేప విసిరితే పైకొస్తుంది, అంతే.

మొదటి రోజు సీలు
నేలంటే ఏమిటో ఎరగనట్టు వచ్చింది.
బల్లకాలు చీల్చుకుని ఒక తెడ్డు,
గోడలోంచి సగం తోక,
తివాచీ నిండా నీళ్లు,
నీళ్లలో తడవని మా బూట్లు.
లెక్కలు చూసే హిల్కా గుమ్మంలో ఆగి
"కన్నం అన్నారు, ఇది వరద కదా" అంది.

నేనిక్కడ చప్పుళ్లు చేసేవాణ్ణి,
ఆ నీటి గలగల నాది.
బొమ్మల సంగతి సైమి చెబితేనే తెలిసింది:
కన్నాన్ని ఎవరూ గీయలేరు.
కన్నం చుట్టూ ఉన్నదాన్నే గీయగలం.
ఏ రంగూ లేని పలక ఒకటి పరచాలి,
గది నాలుగు మూలలూ దాటేలా,
నడుమ బకెట్టు మూతంత ఖాళీ వదిలి.
ఆ పలక తాను కనపడదు,
తన వెనకున్నదాన్ని కనపడనివ్వదు.
దాని కొలువు అదొక్కటే.
ఇక వరస.
ముందు ఏమీ లేనిదాన్ని గీయాలి,
ఆ తరవాతే సీలుని.
తారుమారైతే మళ్లీ వరద.

వరస సరిచేసినా
గోడ వారన నీళ్లు కారుతూనే ఉన్నాయి.
ఎక్కడ తప్పుందో చిక్కక
ఆ కనపడని పలకకి
గులాబీరంగు పూసింది సైమి.
నేనూ పెట్టుకుని చూశాను.
అమ్మో!
గోడలు దాటి, మెట్లు దాటి,
అవతలి వీధి దీపాల దాకా
ఒకటే గులాబీ మైదానం.
పొద్దుట్నించీ దాని మీదే తిరిగాం,
దాని మీద కూర్చునే రొట్టె తిన్నాం.
తప్పు చిన్నదే. వేలెడు పల్లంలో ఉంది పలక.
పైకెత్తి, రంగు తీసేసింది.
సముద్రం బుద్ధిగా కన్నంలోకి దూరింది.

రాత్రి కాపలా తౌనో తాళాల గుత్తితో వచ్చాడు.
ఆదివారాలు మంచు తొలిచి చేపలు పట్టే మనిషి.
హెడ్‌సెట్ పెట్టగానే మోకాళ్ల మీద కూర్చున్నాడు,
అంచుకి మూరెడు ఎడంగా.
ఇటు వంగితే అటువైపు సముద్రం ఇంకాస్త,
అటు వంగితే ఇటువైపు ఇంకాస్త.
"మంచు మందమెంత?" అన్నాడు.
సైమి దగ్గర జవాబు లేదు.
"మందం లేకపోతే అది మంచు కాదు, కాగితం."
ఆ రాత్రే కన్నం లోపల
జానెడు నీలిగోడ కట్టింది.
సీలు వచ్చి చూసి వెళ్లింది.
తౌనో మాట్లాడలేదు,
అతను ఊపిరి బిగబట్టడం మాత్రం
నా మైకులో పడింది.

మర్నాడు మేం వచ్చేసరికి
సరిగ్గా ఆ చోట, పెన్నుల డబ్బాలో
చిన్న స్ప్రూస్ కొమ్మ నిలబెట్టి ఉంది.
వాళ్ల అలవాటు అది.
తొలిచిన కన్నం పక్కన కొమ్మ పాతిపోతారు,
వెనకొచ్చేవాళ్లు చీకట్లో కాలు వెయ్యకుండా.
హిల్కా కాగితాల కట్టతో
దాని చుట్టూ తిరిగి వెళ్లింది,
కళ్లకి ఏమీ లేకుండానే.

సైమి నవ్వింది. హెడ్‌సెట్ పెట్టుకుంది.
నవ్వు ఆగిపోయింది.
ఇటునుంచి చూస్తే కొమ్మ సగం మాయం.
ముందున్నది కొమ్మే, నిజం కొమ్మ,
అయినా దాని మీంచే పారుతోంది నీరు.
అక్కడ కొమ్మ ఉందని
ఆ నీటికి ఎవరూ చెప్పలేదు.

తీసేద్దామా అన్నాను.
వద్దంది.
వేడి కాఫీ తెచ్చుకుని
మళ్లీ బోర్లా పడుకుంది,
ఆకు ఆకుకీ, సూదంత సన్నంగా,
ఏ రంగూ లేని ఆకారం కత్తిరించడానికి.