ఇరవై ఆరో వంతు

లేబుళ్ళ ప్రెస్సు మూతబడ్డ వారం
దీన్ని పాత ఇనుము కింద తూచి అమ్మేశారు.
నూట తొంభై కిలోలు.
నలుగురు మగవాళ్ళూ ఫౌస్తీను తోపుడుబండీ కలిసి
సెతూబల్ రేవు వీధి ఎక్కించేసరికి
ఒకడి బొటనవేలి గోరు ఊడింది.

కవళ్ళ డబ్బాల మీద అతికే బొమ్మల కోసం
పుట్టిన ఎన్‌లార్జర్ ఇది.
అరచేతి కంటే పెద్ద నెగటివ్‌లు తిన్న నోరు.
ఇప్పుడు నేను పెట్టేది తపాలా బిళ్ళంత ముక్క,
ఏనుగుల సాలలో పిచ్చుకను కట్టేసినట్టు.

చుట్టూ నల్ల అట్ట కోసి మూశాను.
ఒక రాత్రి స్కేలు పెట్టి లెక్కేస్తే
దీపం వెలుగు ఇరవై ఆరు వంతులు,
ఇరవై ఐదు ఆ అట్ట మీదే పడి చస్తున్నాయి.
కొండంత దీపం, గోరంత వెలుగు.
సామెతను బోర్లించిన గది నాది.

చిన్న లెన్స్ నెగటివ్‌కు దగ్గరగా వస్తానంటుంది.
తోలుతిత్తి ఎంత నొక్కినా
మడతల మీద మడతలై మొండికేస్తుంది.
బల్ల మీద పడ్డ బొమ్మంతా పొగమంచు.
మూడు రోజులు తిట్టుకున్నాక ఫౌస్తీను
ఒక డబ్బా కవళ్ళు తిని, డబ్బా కడిగి,
అడుగున గుండ్రంగా కోసి, నల్లరంగు పూసి తెచ్చాడు.
తిత్తి లోపలికి దాన్ని దిగేసి
దాని అడుగున లెన్స్ బిగించాం.
ఫోకస్ సూదిమొనలా కుదిరింది.
దీపం వేడెక్కితే ఇప్పటికీ
గదిలో సన్నగా చేపనూనె వాసన.

నెగటివ్‌లు జుల్మీరావి.
ఫ్యాక్టరీలో నా ఎడం పక్కన నిలబడి
పద్దెనిమిదేళ్ళు చేపల తలలు కోసిన మనిషి.
ఏప్రన్ జేబులో, పొలుసుల మధ్య, ఆవిడ కెమెరా.
ముప్పై ఆరు ఫ్రేములు:
ఆడవాళ్ళ చేతులు, ఉప్పు, ఆవిరి,
మేస్త్రీ లేని మేస్త్రీ కుర్చీ.
తీసింది తనే గనక తను ఎక్కడా లేదు.
ఆఖరిది మాత్రం, రీలు తిప్పుతుంటే
పొరపాటున నొక్కుకుపోయినట్టుంది.
తడి నేల. ఒక చెక్కచెప్పు. అందులో పాదం.

వేడి తగిలితే ఫిల్మ్ ఒళ్ళు విరుచుకుంటుంది.
అది కుదురుకునేదాకా
ఎర్రగాజు అడ్డం పెట్టి ఊరుకోవాలి.
రైలు వెళితే నేల వణుకుతుంది,
ఎనిమిదింబావు బండి పోనివ్వాలి.
ఆ తర్వాత నూట పది సెకన్లు.
గడియారాన్ని నమ్మను, డబ్బాలు లెక్కపెడతాను.
పెట్టెకు నూరు,
మిగిలిన పదీ ఎవరి పెట్టెలోకో.

డెవలపర్లో ముందు నేల నల్లబడింది,
తర్వాత మడమ తేలింది.
జుల్మీరా, ఇదుగో నువ్వు, అన్నాను మురిసిపోతూ.

తడి కాగితాన్ని ముక్కుదాకా తెచ్చుకుంది.
హైపో చుక్కలు ఒళ్ళోకి కారుతున్నాయి.
"పాదం నాదే," అంది. "చెప్పు ఓదెత్‌ది.
ఆ పూట నాది పగిలింది.
తన చెప్పొకటి నాకిచ్చి
ఒక కాలు మంచునీళ్ళలోనే పెట్టుకుని
మధ్యాహ్నందాకా చేపలు పేర్చింది.
మడమ దగ్గర తను కొట్టుకున్న వంకరమేకు ఉండాలే.
కనబడటం లేదు. పెద్దది చెయ్యి."

ఇంకొంచెం పెద్దది చేశాను. ఇంకా, అంది.
చక్రం తిప్పుతూ పోయాను.
యంత్రం తల దూలానికి తగిలి సున్నం రాలింది.
బల్ల ఊడదీసి కాగితం నేల మీద పరిచాను.
నా దగ్గరికి వచ్చాక మొదటిసారి
అది తన ఎత్తు తాను నిలబడింది.

ఈసారి తొమ్మిది నిమిషాలు.
డబ్బాలు ఆవిడే లెక్కపెట్టింది,
నాలుగో పెట్టెలో అంకె తప్పింది, ఆగలేదు.

ఆ సైజు ట్రే నాకెక్కడిది,
నా మనవడి స్నానపు తొట్టిలో ముంచాం.
మడమ దగ్గర ఒక తెల్లచుక్క.
మేకు తల తళుకో,
గుంపు కట్టిన వెండి రేణువులో,
గాజు మీది దుమ్మో.
పని తెలిసినదాన్ని గనక దుమ్మే అంటాను.

అననివ్వలేదు.
"ఇదే," అని దాని మీద వేలు పెట్టి,
వంగి,
తన కుడి మడమ తడుముకుంది.