మూత కింద

అక్టోబరు చివరి వారం, ఇప్స్‌విచ్.
వీధి పొడవునా జకరండా పువ్వు.
ఫోటోలు తీసుకునేవాళ్ళకి పండగ,
మాకు పని.

ఊదాపూలు రోడ్డంచున ఎండి, మళ్ళీ నాని,
ఉడికిన తోటకూరలా జాలీకి అతుక్కుంటాయి.
పారతో గీకితే
మాడిన గిన్నె అడుగు గీకిన చప్పుడు.

ఒక కొక్కెం సియోనేది, ఒకటి నాది.
"మోకాళ్ళు వంచు, నడుం కాదు" అంటాడు,
ఎనిమిదేళ్ళుగా అంటాడు,
నిన్న అననట్టే.
ఇనప మూత కాసేపు మొరాయించి
ఒక్క నిట్టూర్పు వదిలి లేస్తుంది.
ఆ నిట్టూర్పు ముందు మొహాన పడాలి,
తర్వాతే లోపలికి చూపు.

లోపల ఏముంటాయని అడుగుతారు పిల్లలు.
టెన్నిస్ బంతులు, చెప్పులు అంటాను.
చెప్పు ఎప్పుడూ ఒక కాలిదే,
రెండోది ఎక్కడ నడుస్తోందో.
గోడనంటుకుని ఒక కప్ప కూడా,
టార్చి వెలుగులో రెప్ప వెయ్యకుండా
పిలవని చుట్టాన్ని చూసినట్టు నన్ను చూస్తూ.

ఫారంలో గడులున్నాయి.
పూడిక: పావు, సగం, ముప్పావు.
పగులు: ఉంది, లేదు.
కప్పకి గడి లేదు.
ఒకసారి "ఇతరములు" కింద రాశాను.
ఆఫీసు నుంచి ఫోను: "అది లోపమా?"
"కాదండీ, నివాసి."

చక్రాల కెమెరా గొట్టంలోకి పాకుతుంది.
బండిలో చిన్న తెర మీద
తాతల నాటి మట్టి గొట్టం,
అతుకు సందులోంచి దూరిన మర్రి జాతి చెట్టు వేరు
జడ విప్పుకుని కూర్చుంది నీళ్ళల్లో.
నలభై రెండు మీటర్ల దగ్గర, రాసుకో, అంటాడు సియోనే.
రాసుకుంటాను.

రోపర్ వీధి చివరిల్లు మెర్ల్‌ది. ఎనభై మూడేళ్ళు.
మేం వచ్చేలోపే తన వాకిట్లో జాలీ
ఊడ్చి పెడుతుంది, ముగ్గొక్కటే తక్కువ.
"మీ పని లాక్కుంటున్నానా?" అని నవ్వుతుంది.
నవ్వుతూ కూడా జాలీనే చూస్తుంది,
ఒకసారి కరిచిన పెంపుడు కుక్కని చూసినట్టు.

ఆ జనవరి, నది ఇంకా మూడు వీధుల అవతలే ఉంది.
రేడియో అదే చెబుతోంది.
వాన వెలిసింది. చుక్కలు కూడా పొడిచాయట.
అప్పుడు గొణిగింది ఈ జాలీ.
ముందొక బుడగ.
తర్వాత ఆకులు.
ఆ తర్వాత మనం కిందికి పంపినవన్నీ
పేరు పెట్టి పిలిచినట్టు
ఒకటొకటే పైకొచ్చాయి.
తెల్లారేసరికి ఆమె పియానోకి మూడు మెట్లు
నీళ్ళలో ఉబ్బి, ఇక లేవలేదు.

నీరు పల్లమెరుగు అంటారు.
ఆ రాత్రి పల్లం
ఆమె గడప వైపుంది, అంతే.

గొట్టం నదిలో కలిసేచోట రబ్బరు తలుపొకటుంటుంది,
పోనిస్తుంది, రానివ్వదు.
దాని పెదాల మధ్య ఆ రాత్రి
మణికట్టంత కొమ్మ ఇరుక్కుని ఉంది.
నవంబరు ఫారంలో "స్థితి: బాగుంది",
కింద నా సంతకం.
నవంబరులో నిజంగానే బాగుంది.
కొమ్మ డిసెంబరులో వచ్చి ఉంటుంది.
ఉంటుంది, అనుకుంటాను.

మెర్ల్‌కి ఈ సంగతి తెలీదు.
తెలుసేమో కూడా.
వెళ్ళేటప్పుడు ప్రతిసారీ రెండు బిస్కెట్లు
కాగితంలో చుట్టి నా చేతికే ఇస్తుంది,
సియోనేకి కాదు.

చివర్న నది ఒడ్డుకి దిగుతాను ఒక్కదాన్నే.
చూస్తే చాలంటుంది రూలు.
నేను గ్లవ్ తీసేస్తాను,
భుజం దాకా చెయ్యి పెట్టి
ఆ రబ్బరు అంచు మొత్తం తడుముతాను,
నిద్రలో బిడ్డకి జ్వరముందేమో చూసినట్టు.
చల్లగా, జారుగా, మూసుకుని ఉంటుంది.

అప్పుడు గడి నింపుతాను.
పెన్సిల్‌తో.
పైన సియోనే హారన్ కొట్టడు,
ఇంజను ఆపేసి కూర్చుంటాడు.