వంకర ఉత్తరం

సూది నాదే.
పరదాలు కుట్టే డబ్బాలోంచి
పొడుగుదీ, కన్ను అరిగిపోయిందీ ఏరి ఇచ్చాను.
బిరడా యోర్మా పుట్టినరోజు సీసాది.
అయస్కాంతం ఫ్రిజ్ తలుపు మీద
పళ్ళ డాక్టరు చీటీని పట్టుకుని ఉండేది.
చీటీ జారి పొయ్యి వెనక పడింది,
ఆ తేదీ కాస్తా మరిచిపోయాం.

ఒకే వైపు రుద్దాలి, అదే దారిన వెనక్కి రాకూడదు
అని చెప్పాను ఎంబ్లాకి.
ముప్పై అయిదు, ముప్పై ఆరు...
యాభైకి వేలు నొప్పంది. మిగతావి నేనందుకున్నాను.
బిరడాని బిళ్ళలా కోసి, సూదిని అడ్డంగా గుచ్చి,
చెంచాలన్నీ దూరంగా జరిపి
సూప్ గిన్నెలో నీళ్ళ మీద వదిలాం.

తాగినవాడిలా రెండు చుట్లు తిరిగి
ఒక పక్కకి ఒదిగి ఆగింది.

ఇదంతా ఎందుకంటే,
మార్చికల్లా కిరునాలో మా వీధిని కూల్చేస్తారు.
ఇనప గని నమిలేసిన నేల
ఇక మమ్మల్ని మొయ్యలేదట.
కొత్త ఇల్లు మూడు కిలోమీటర్లు తూర్పుకి.
అక్కడా మంచం తల ఇదే దిక్కున ఉండాలి పిల్లకి,
లేకపోతే నిద్ర దారి తప్పుతుందట.

కిటికీ తీసి చూశాను.
సూర్యుడు మొహం చాటేసి పది రోజులు.
ధ్రువ నక్షత్రం, ఇంచుమించు నెత్తిమీద,
ఉన్నచోటే ఉంది.
సూది మాత్రం అటు చూడదు.
గని కొండ వైపే,
షిఫ్టు దిగని మనిషి కోసం చూసినట్టు.

"ఇది తప్పు చెబుతోంది" అన్నాను.
యోర్మా బూట్లు విప్పుతూ నవ్వాడు.
"కింద అంత ఇనుము పెట్టుకుని
దానికి ఆకాశంతో ఏం పని?"

రాత్రి ఒంటిగంటన్నరకి, రోజూలాగే, గనిలో పేలుడు.
అల్మారాలో కప్పులు పళ్ళు కొరికాయి.
గిన్నెలో నీళ్ళు వణికాయి.
సూది ఉలిక్కిపడి, ఊగి, మళ్ళీ అక్కడికే.
ఎంబ్లా కదల్లేదు,
పుట్టిన దగ్గర్నుంచీ దానికి అదే జోల.

మార్చి. కొత్త వంటగది. రంగు వాసన.
అదే గిన్నె, అదే సూది
(దారిలో మరిచిపోయి ఉంటుందని ఇంకో యాభైసార్లు రుద్దాం).
ఈసారి తిన్నగా నిలబడింది.
చుక్కకీ దానికీ పెద్ద పేచీ లేదు.

"పాడైపోయింది" అంది ఎంబ్లా, గొంతు పూడుకుపోయి.
ఇదే సరైనదని ఏ మొహంతో చెప్పను?
ఇన్నాళ్ళూ మాకు అందిన ఉత్తరం వేరు.

అట్టపెట్టెలన్నీ బోర్లించింది.
నాన్న ఎప్పుడో జేబులో వేసుకొచ్చిన నల్లరాయి,
గుప్పెడంత, గుప్పెడు కన్నా బరువు,
గిన్నె పక్కన పెట్టింది.
ఇటు కొంచెం. ఇంకొంచెం. అమ్మా, ఊపిరి వదలకు.
సూది మెల్లిగా తల తిప్పింది.
పాత కొండ వైపుకి రాగానే
చెయ్యి తీసేసి,
మంచం జరపమంది.