నువ్వుగింజ మందం

సాలిగ్రామంలో ఇస్త్రీ బండి దాటాక
మెట్ల కింద గది.
తణికాచలం గారి బల్ల మీద
తొడుగులూడిన కటకాలు
వడియాల్లా ఆరుతున్నాయి.

"పట్టుకోండి, బరువు చూడండి" అన్నాడు ముందు.
ధర తర్వాత, అద్దం తర్వాత.
ఆయన దగ్గర ఏ వస్తువైనా మొదట బరువే.

యాభై మిల్లీమీటర్లు. పుట్టింది జర్మనీలో.
ఏదో సినిమా కెమెరాతో కాపురానికొచ్చి
అది తుక్కుకి పోయాక ఇంకోదానితో,
ఆపైన మరోదానితో.
ప్రతి మారుమనువుకీ నడుం దగ్గర
కాస్త ఆకురాయి పెట్టించుకుంది.

వెనక ఇత్తడి రింగు ఫ్యాక్టరీది కాదు.
ఎవరో లేత్ మీద కోసింది,
గాట్లు గోటికి తగుల్తాయి.
మూడు మరల్లో ఒకటి గడియారానిది.

టార్చి వేసి లోపలికి చూశాను.
అంచున ఉప్పుగాలి బూజు, జిల్లేడు దూదంత.
జేబులో స్కూటర్ ఇన్సూరెన్సుకని తీసిన డబ్బు.
అది మొహంలో కనపడనీకుండా
"ఫోకస్ చూస్తాను" అన్నాను.

గోడ మీది క్యాలెండరులో
రాహుకాలం అంకెలు కూడా చదవొచ్చు.
గుమ్మం బయట ఇస్త్రీ ఆవిడ,
బొగ్గులు విసిరే విసనకర్ర
ఈనె ఈనెకీ విడిగా వచ్చింది.
ఆమె వెనక వీధి మాత్రం
రింగు చివరికంటా తిప్పినా రాలేదు.
నీళ్ళ ట్యాంకరు, మెట్రో స్తంభం, ఆకాశం
అన్నీ పాలలో నానేసిన అటుకులు.

"అనంతం రాదు సార్" అన్నాడు,
ఇవాళ పెరుగు లేదన్నట్టు.
"రింగు నువ్వుగింజంత మందం ఎక్కువ.
పన్నెండడుగుల అవతల దీనికి లోకం లేదు."

అనంతం లేనందుకు బేరమాడాను.
ఐదొందలు తగ్గించమన్నాను.
రెండొందలకి ఒప్పుకున్నాడు.

"సాయంత్రం దాకా ఉంటే అరగదీసిస్తా,
పరంగిమలై కూడా కనపడుద్ది"
అంటూ ఆకురాయి కోసం సొరుగు లాగాడు.

అప్పుడు చూశాను, చుట్టూ అంటించిన టేపు,
ఒకప్పుడు తెల్లది, ఇప్పుడు చెమట రంగు.
దాని మీద బాల్‌పెన్నుతో తెలుగులో
నాలుగు. ఐదుంబావు. ఏడు.
తొమ్మిది దగ్గర బొట్టంత చుక్క.
చివర, పెం.

"పెంచలయ్య. మీవాళ్ళే, వెంకటగిరి.
ఫోకస్ లాగేవాడు.
రింగు మందమైందని ఆయనకీ తెలుసు,
మళ్ళీ కోయించడానికి కంపెనీ డబ్బులియ్యలేదు.
ఓ రాత్రి ఖాళీ ఫ్లోరులో కూర్చుని
టేపు పట్టి, కొబ్బరికాయ ఎదురుగా పెట్టి,
అడుగు అడుగుకీ కొత్త గీతలు గీసుకున్నాడు.
కొండలూ జలపాతాలూ వేరే లెన్సుకి పోయినాయి.
దీనికి మొహాలు దక్కినాయి."

రింగు అరగదీస్తే
ఈ గీతలన్నీ అబద్ధమైపోతాయి.
ఏడు అన్నచోట ఏడు ఉండదు.

పన్నెండడుగులు నాకు చాలవు, ఒప్పుకుంటాను.
కాసిమేడులో తెల్లారగట్ల
పడవలు తిరిగొచ్చేది తీద్దామనే
నెల్లాళ్ళుగా ఈ లెన్సు వెతుకుతున్నది.
వద్దు అనడానికి ఎంతసేపు పట్టిందో,
వచ్చిన టీ మీద మీగడ కట్టింది.

"ఇటు చూడండి" అన్నాను తణికాచలాన్ని.
టేపు ఆయన ముక్కు దగ్గర పట్టించి
ఏడడుగులు కొలుచుకుంటూ
నేను గడప బయటికి జరిగాను.
తెర చూడలేదు.
పెంచలయ్య ఏడు దగ్గరికి రింగు తిప్పి నొక్కాను.

కనుబొమ్మల్లో ఇత్తడి పొడి,
రేణువు రేణువుగా.
ఆయన చాలాసేపు చూసుకుని
"ముసలోణ్ణయిపోయినా" అన్నాడు,
రెండొందల సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఇన్సూరెన్సు ఇంకా కట్టలేదు.
పోలీసులుంటారని
కోడంబాక్కం వంతెన ఎక్కకుండా
సందుల్లోంచి పోతున్నాను.