పొట్టి బెల్టు

చించినాడ వంతెన దిగుతుంటే కీచుమంది.
ఏదో పిట్ట అనుకున్నాను.
తర్వాత రబ్బరు మాడిన వాసన,
డాష్‌బోర్డు మీద బ్యాటరీ ఎర్రబొమ్మ.
రోహిణి కార్తె, మిట్టమధ్యాహ్నం.
వెనక సీట్లో నా పెట్టె:
పద్దెనిమిది లిప్‌స్టిక్‌లు, మూడు సవరాలు,
సఖినేటిపల్లి పెళ్లికూతురి ముఖమంతా
పొడిగా, తడిగా, డబ్బాల్లో.

శివకోడు సెంటరు దాటాక, రొయ్యల మేత గోడౌను పక్కన
నాగూర్ మీరా షెడ్డు.
బానెట్ ఎత్తి, తెగిన బెల్టు ముక్కని
చచ్చిన పాముని తీసినట్టు పుల్లతో తీశాడు.
అన్ని చక్రాలూ తిప్పి చూశాడు.
ఒకటి మాత్రం కదల్లేదు.

"ఏసీ కంప్రెసరండీ. పట్టేసింది.
ఒకే తాడుకి నలుగుర్ని కట్టారు కంపెనీవోళ్లు.
ఒకడు మొరాయిస్తే ముగ్గురికీ పని లేదు."
కొత్తది ఎంత?
"ఇరవై రెండు వేలు. అదీ ఎల్లుండి, బెజవాడ నుంచి."
ఈ పెళ్లికి నాకొచ్చేది ఏడు.
అందులో పూలజడ సత్యవేణికి పదిహేను వందలు.

చాలాసేపు మాట్లాడలేదు.
నేను మేడమీద లైన్లు చూస్తున్నట్టు నటిస్తూ లెక్కలు వేసుకున్నాను.
"చల్లదనం లేకపోయినా వెళ్తారా?" అన్నాడు చివరికి.
వెళ్లకపోతే పెళ్లికూతురు ఏం వేసుకుంటుంది, నా మొహమా?
ఆయ్, వెళ్తాను అన్నాను.

కుర్రాడు ఏసుపాదం జేబులోంచి వలనూలు తీశాడు.
మీరా దాన్ని కింది చక్రం చుట్టూ వేసి,
నీళ్ల పంపు మీదుగా, ఆల్టర్నేటర్ మీదుగా,
బిగుసుకున్నదాన్ని తాకకుండా
వెనక్కి తెచ్చి, పంటితో కొరికి గుర్తు పెట్టాడు.
బాసికానికి నుదురు కొలవడం
నేనూ అచ్చం అలాగే కొలుస్తాను.
"పంపు తిరగబడి తిరక్కూడదండీ, అదొక్కటే భయం"
అని రెండోసారి కొలిచాడు.

రాజోలులో కోత మిషన్ల బెల్టుల కొట్టు.
ఏసుపాదం సైకిల్ మోటారు మీద వెళ్లి మూడు తెచ్చాడు.
మొదటిది ఎక్కలేదు.
రెండోది ఎక్కి, జారి, ఏడ్చింది.
మూడోది ఎవరిదో వేరే కారుది, వేరే కంపెనీది.
గాళ్లు నాలుగు. సరిపోయాయి.
ఆరువందల ఎనభై, కూలి మూడొందలు,
టీ నాగూర్ మీరా ఖాతాలో.

బండి స్టార్టయింది.
బెల్టు మూడు చక్రాల మీద నల్లగా పరిగెత్తుతోంది.
పక్కనే అంగుళం దూరంలో
నాలుగోది, దుమ్ము పట్టి, నిలబడి చూస్తోంది.
దాన్ని విప్పి పారేయలేదేం అని అడిగాను.
"ఉండనివ్వండి. గ్యాసు పైపులు దానికే ఉన్నాయి కదా.
తిండి పెట్టకపోతే చాలు."

మా ఊరు కాలువకి చిట్టచివర.
పైవాళ్లు తూము మార్చిన ఏడాది
నీళ్లు మా పొలం పక్కనుంచే వెళ్లాయి, గట్టు అవతల.
చప్పుడు వినపడేది.
మా నాన్న ఆ ఏడు రోజూ పార తీసుకుని వెళ్లి
మా బోదె మూతి శుభ్రం చేసి వచ్చేవాడు.
ఎందుకో అప్పుడు అడగలేదు.

అద్దాలు నాలుగూ దించేశాను.
మలికిపురం దాకా కొబ్బరిపీచు వాసన,
తర్వాత చెరువుల బురద, ఎండుచేపలు,
ఎవరింట్లోనో పనసపండు కోస్తున్నారు.
ఆరేళ్లుగా ఈ దారిన తిరుగుతున్నాను,
ఈ దారికి వాసన ఉందని తెలీదు.
చెంపల మీద చెమట. వెనక పెట్టెలో
గులాబీ రంగు గోధుమరంగులోకి కరుగుతోంది.

పెళ్లికూతురు చూసి నవ్వింది:
"ముందు మీరు మొహం కడుక్కోండక్కా."
కడుక్కున్నాను. కరిగిన రెండు రంగుల్నీ
అగ్గిపుల్లతో కలిపి
ఆ పిల్ల పెదాలకి వేశాను.
ఏ కంపెనీ డబ్బా మీదా లేని రంగు.
"ఇదే బాగుంది" అంది.

రాత్రి తిరుగుప్రయాణంలో, వంతెన మీద,
అలవాటు కొద్దీ నా వేలు ఏసీ బటను నొక్కింది.
చిన్న నీలం లైటు వెలిగింది.
గోదావరి గాలి అద్దంలోంచి కొడుతూనే ఉంది.
కాసేపు ఆర్పలేదు.