'ప' అక్షరం దగ్గర

సోమవారానికి 'ప' ఫారాలు ప్రెస్సుకి వెళ్లాలి.
పట్టుపురుగు అయిపోయింది, పనస అయిపోయింది,
మధ్యలో వేలెడు ఖాళీ.
అక్కడ కూర్చుంటాడా లేదా
పతివాడ సూరప్పడు?

విజయనగరం, గంటస్తంభం వెనక మేడమీది గది.
జిల్లా విజ్ఞాన సర్వస్వం వారి కుర్చీలు ఐదు,
ఒకదానికి కాలు విరిగితే మొదటి సంపుటాలు పేర్చాం.
గురుగుబెల్లి మాస్టారు కళ్లజోడు తుడుస్తూ అంటారు:
"మంచివాడా అని కాదయ్యా మనం అడిగేది.
ఆధారాలున్నాయా?"

ఉన్నాయి.
ఏడు పత్రికల కత్తిరింపులు, అరవై పేజీల తీర్పు,
జైలు గోడ దూకిన తేదీలు రెండు,
అతని మీద కట్టిన జముకుల కథ,
చీపురుపల్లి సంతలో అతని మీసం బొమ్మతో అమ్మిన బీడీకట్ట.

కిందటి వారం ఇదే బల్ల మీద
మంత్రసాని లంక గౌరమ్మని తీసేశాం.
నాలుగువేల కాన్పులు చేసిందనడానికి
ఆ నాలుగువేలమందే తప్ప కాగితం లేదు.
వద్దని ఎత్తిన చేతుల్లో నాదీ ఒకటి.
నా బొడ్డు కోసింది ఆవిడే.

తేదీ సరిచూద్దామని
జనపనార మిల్లు వెనక లైనుకి వెళ్లాను.
జీతాలపెట్టె ఎత్తుకుపోతుంటే అడ్డం పడ్డవాడు
ఏడు కత్తిరింపుల్లోనూ 'ఒక కాపలాదారు',
తీర్పులో 'మృతుడు'.
ఆయన కూతురు అరుగు మీద గోగునార పేనుతోంది.
చెయ్యి ఆపలేదు.
"మా అయ్యని సంపినోడి కోసం పుస్తకంలో రాత్తన్నారేటి బాబూ?
రాయండి. నానొద్దంటే ఆగుద్దేటి?
మరి మా అయ్యకెన్ని లైన్లు?"

నోరు పెగల్లేదు. పేరడిగాను.
"మీసాల ఎర్రయ్య. ఇంటిపేరే గానీ
మీసాల్లేవు మా అయ్యకి."
నవ్వింది. నవ్వకూడదని గుర్తొచ్చినట్టు ఆగింది.

'మ' రావడానికి ఇంకా రెండేళ్లు.
వచ్చినా ఎర్రయ్యకున్నది మిల్లు రిజిస్టర్లో ఒక వేలిముద్ర,
అందులో సగం చెదలు తినేశాయి.

పన్నెండు లైన్లు రాయమన్నారు మాస్టారు, తటస్థంగా.
తటస్థమంటే ఒడ్డున నిలబడ్డం.
చంపావతికి ఒడ్లు రెండు.

రాశాను.
పుట్టుక, దోపిడీలు, తప్పిన ఉరి, జ్వరంతో చావు.
ఐదో లైనులో 'ఒక కాపలాదారు' కొట్టేసి
మీసాల ఎర్రయ్య అని పెట్టాను.
మాస్టారు మార్జిన్లో ఏం రాస్తారో తెలుసు:
ఆధారం?

కూతురు, గోగునార పేనుతూ, బుధవారం సాయంత్రం
అని ముందే రాసి పెట్టాను, పెన్సిల్‌తో.
చెరిపేయాలంటే
చెరిపేయొచ్చు.