ఎంత మెల్లగా

కోషిత్సె ట్రామ్ డిపోలో కాపలా కాసే యూలియుస్
రొట్టె చుట్టే కాగితంలో పెట్టి ఇచ్చాడు ఏడు ఫ్లాపీలు.
మూడింటికి బూజు.
ఒకటి కొన్నేళ్లు కాఫీ కప్పు కింద బతికింది,
గుండ్రటి మచ్చ సాక్ష్యం.
రెండు విరిగాయి.
మిగిలినదాని మీద పెన్సిల్‌తో ఒకే మాట: స్నెహ్.
మంచు.
కింద, ఎనభై తొమ్మిది ఫిబ్రవరి.

పాత డ్రైవు వెతకడానికి నెల పట్టింది.
అది దగ్గింది, గీరింది, మళ్లీ దగ్గి
చివరికి చదివింది
నలభై ఒక్క కిలోబైట్లు.
నా ఫోన్‌లో పిల్లి ఫోటో కూడా
అంత బక్కగా ఉండదు.

కొత్త విండోస్ మర్యాదగా తలుపేసింది:
ఈ ప్రోగ్రాం మీ కంప్యూటర్‌లో నడవదు.
పెళ్లిలో ఎదురుపడ్డ పేద చుట్టాన్ని చూసి
పక్కవాళ్లతో మాటల్లో పడ్డట్టు.

సరే, పగటివేషం కట్టించాను.
యంత్రం లోపల ఇంకో యంత్రం;
ముఖానికి రంగు, నోట్లో పాత ప్రాసెసర్ పేరు,
ఆరువందల నలభై కిలోబైట్లే నా ఆస్తి అని ఒట్టు.
ఆట నమ్మేసింది.

ఎంటర్ నొక్కాను.
తెర తెల్లబడింది. అంతే.
మొదటి ట్రామ్ ఇరుక్కుపోయింది, ఓడిపోయావు.
మళ్లీ నొక్కాను. తెలుపు. ఓడిపోయావు.
పట్టాల మీద మంచు తోసే బండి నాది,
అది కదలకముందే తెల్లారిపోతోంది.
ఒక చలికాలం మొత్తం
రెప్ప వాలి లేచేలోగా కురిసి అయిపోతోంది.

లోపల చూస్తే తెలిసింది.
రాసినవాళ్లు గడియారాన్ని అడగలేదు.
ఊరికే రెండు వేలదాకా లెక్కపెట్టు,
అప్పుడు ఒక్క చుక్క మంచు రాల్చు, అన్నారు.
ఆ యంత్రం లెక్కపెట్టి లెక్కపెట్టి అలిసేది.
ఇది అలవదు.
మనిషికి వేలుంటుందనీ
వేలు కీ దాకా రావడానికి కాస్త పడుతుందనీ
దీనికెవరూ చెప్పలేదు.

ఫైలు చివర, అంకెల చెత్తలో, ఒక పేరు:
ఎటెల్కా తోతొవా, ఉక్కు కర్మాగారం, జీతాల విభాగం.

ఫుర్చాలో ఐదో అంతస్తు. లిఫ్టు లేదు.
చేతిలో వెనిగర్ సీసా, కెటిల్‌లో సున్నం గోకుతోంది.
"జీతాల కంప్యూటర్‌లో ఆటా? నేనా?"
అంటూ ఒకసారి వెనక్కి చూసింది
పై అధికారి వంటింట్లో ఉన్నట్టు.

ఎంత మెల్లగా ఉండేది? అని అడిగాను.
నా దగ్గర అంకెలున్నాయి. మూడు వందలు, ఐదు వందలు.
ఆవిడ అంకెలు చూడలేదు.
గోటితో బల్ల మీద కొట్టింది.
టక్.
టక్.
"అంత."
మూడు వందలకు దించాను. ఊహూ.
రెండు వందల ఎనభై. ఇంకా.
ఆవిడ వేలు ముసలిదై మెల్లబడిందో
అప్పటి యంత్రమే అంత మెల్లనో
ఇద్దరికీ తెలీదు, ఇద్దరం అడగలేదు.
రెండు వందల నలభై దగ్గర
ఒక తెల్ల చుక్క తెర పైన నిలబడి
దిగనా వద్దా అని ఆలోచించి
దిగింది.

బయట జూలై. కిటికీలన్నీ బార్లా.

మూడు లెవెళ్లు ఆడింది, ఒక్క ట్రామ్ ఆగనివ్వలేదు.
నాలుగోది మొదలవగానే చెయ్యి తీసి
"ఇక్కడ ఆగాలి కదా?"
ఆగేది. తప్పనుకుని
వారం క్రితం నేనే సరిచేశాను.
"సరిచేశావా!" అని నవ్వి, హంగేరియన్‌లో ఏదో తిట్టింది.
"రాత్రి షిఫ్టులో, నాయనా,
వరండాలో ఎవరైనా వస్తున్నారేమో
చూసి రావడానికి పెట్టుకున్నానది."

నా దిద్దుబాటు తీసేశాను.
మళ్లీ మొదటి నుంచి.
నాలుగో లెవెల్ ముందు
మంచు గాలిలోనే ఆగింది.
ఆవిడ కుర్చీ వెనక్కి జరిపి లేచి
తలుపు దాకా నడిచి, తీసి,
మెట్ల వైపు చూసింది.

"ఎవరూ లేరు," అంది, నాతో కాదు.

కూర్చుని
కీ నొక్కింది.